వాచకం పక్కన పెట్టి ముందు కూలి గురించి మాట్లాడండి

మీ వాడలో పెద్దవాళ్లకు రాత్రిపూట చదువు చెప్పాలనుకుంటున్నారా? అయితే వాచకం ఇప్పుడే తీయకండి. రెండు వారాలు ఊరికే వాళ్లతో తిరగండి. పనికెళ్లే ఆటో దగ్గర, బోరింగు దగ్గర, రేషన్ షాపు లైన్లో రోజూ వాళ్ల నోట్లో నలిగే మాటలు నోటుబుక్కులో రాసుకోండి: కూలి, అప్పు, మేస్త్రి, నీళ్లు, పట్టా. పదిహేను ఇరవై మాటలు దొరికితే చాలు, అదే మీ వాచకం.

ఇది బ్రెజిల్‌కు చెందిన విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ చూపిన దారి. 1963లో అంజికోస్ అనే పేద ఊళ్లో ఆయన బృందం సుమారు 300 మందికి 40 గంటల పాఠాలు నడిపింది. అప్పట్లో అక్కడ చదువు రానివాళ్లకు ఓటు లేదు, అంటే అక్షరం వస్తే ఓటు కూడా వచ్చినట్టే. మరుసటి ఏడాది సైన్యం అధికారం లాక్కుని ఆయన్ని జైల్లో పెట్టిందంటే, ఆ చదువు ఎవరికి భయం పుట్టించిందో అర్థమవుతుంది.

ఇక కూర్చునే పద్ధతి. అందరూ గుండ్రంగా, మీరూ చాప మీదే. ఒక బొమ్మ పెట్టండి, నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, గట్టు మీద గొడుగు పట్టుకున్న ఆసామి. "ఏం కనబడుతోందక్కా?" అని అడగండి. కాసేపయ్యాక, "మగాళ్లకి రోజుకి ఎంతిస్తారు, మనకెంత?" అని అడిగి, ఊరుకోండి. ఆ మౌనం భరించడమే అన్నిటికన్నా కష్టం. జవాబు మీరే చెప్పేయాలనిపిస్తుంది, చెప్పారా, మళ్లీ బడే అయిపోతుంది, వాళ్లు తల ఊపి ఇంటికెళ్లిపోతారు.

మాటలు బాగా సాగాక బోర్డు మీద "కూలి" అని రాయండి. విడదీసి క గుణింతం, ల గుణింతం పక్కపక్కన పెట్టండి. కల, కాలు, కోక, కేక, ఇవన్నీ వాళ్లే ఏరుకుంటారు. తను సొంతంగా కూర్చిన మాటని వేలుపెట్టి చదువుకునేటప్పుడు ఆ మనిషి ముఖం చూడండి!

ఇదేం పరాయి సంగతి కాదు. నెల్లూరు జిల్లా రాత్రి బడుల్లో, సారా మీద ఊరి ఆడవాళ్లను కూడగట్టిన సీతమ్మ కథ పాఠంగా ఉండేది. దాన్ని చదివి, మరి మన ఊరి సంగతేంటని మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వెళ్లి కొట్టు మూయించండని ఏ వాలంటీరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

మీ దగ్గర కూడా ఏదో ఒక రాత్రి, "బోరింగు బాగుచేయమని అర్జీ పెడదాం" అని ఎవరో ఒకరు అంటారు. పెన్ను మీరు తీసుకోకండి. వాళ్లనే రాయనివ్వండి, ఎంత రాత్రయినా పర్లేదు. ఒత్తులు తప్పినా దిద్దకుండా, ఆ కాగితాన్నే మండలాఫీసుకు వాళ్ల చేత్తోనే ఇప్పించండి.