మొదటిసారి గేమ్ మాస్టర్‌గా కూర్చుంటున్నారా? క్యాంపెయిన్‌కి ఇలా రెడీ అవ్వండి

1974లో టేబుల్ చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ, పాచికలు వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచి ఈ ఆట పద్ధతి పెద్దగా మారలేదు. ప్లేయర్లు తలో పాత్ర తీసుకుంటారు, వాళ్ల చుట్టూ ఉన్న లోకం మొత్తాన్ని గేమ్ మాస్టర్ నడుపుతారు. "లోకం మొత్తం" అనే మాట వినగానే కొత్తవాళ్లకి టెన్షన్ మొదలై నెలల తరబడి రాజుల వంశాలు, మ్యాపులు, చివరి యుద్ధం దాకా కథ రాసేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక చోటు, అక్కడ ఒక చిక్కు, ఆ చిక్కులో తలో స్వార్థం ఉన్న ముగ్గురు మనుషులు ఉంటే చాలు, కథ ప్లేయర్లే నడుపుతారు.

ముందు మనుషులు, టైమ్

నలుగురు ప్లేయర్లు చాలు. మన హైదరాబాద్‌లో ఒకరు మియాపూర్, ఒకరు ఉప్పల్, ఇంకొకరు ఎల్‌బీ నగర్ అయితే క్యాంపెయిన్ (అంటే చాలా సిట్టింగుల పాటు సాగే కథ) ఆగిపోయేది ట్రాఫిక్ వల్లే, కాబట్టి రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట దగ్గర ఎవరిల్లైనా దొరుకుతుందేమో చూడండి. వారం విడిచి వారం ఆదివారం అని ఫిక్స్ చేసి, ఒకరు రాకపోయినా మిగతా ముగ్గురితో ఆడేస్తామని మొదటే చెప్పేయండి.

రూల్స్ ఎంతవరకు?

2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ప్రాథమిక రూల్స్ 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతున్నాయి, కొనాల్సిన పని లేదు. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు కూడా. ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర బలాన్ని బట్టి వచ్చే అంకె కలిపి, మీరు పెట్టిన లక్ష్యాన్ని అందుకుందో లేదో చూడటమే అసలు సంగతి: సులువైన పనికి 10, మామూలుదానికి 15, కష్టమైనదానికి 20. దీంతోపాటు ఫైట్‌లో ఎవరి వంతు ఎప్పుడో తెలిస్తే మొదటి రోజు గడిచిపోతుంది. మంత్రాల వివరాలు మంత్రగాడి పాత్ర తీసుకున్నవాళ్లే చదువుకుని రావాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మొదటి లెవెల్ మంత్రగాడికి ప్రాణం దాదాపు 6 నుంచి 8 పాయింట్లు, గోబ్లిన్ (కథల్లో వచ్చే పొట్టి రాక్షసుడు) ఒక్క దెబ్బకి సగటున 5 పోతుంది. అంటే రెండు దెబ్బలకే పడిపోతాడు. అందుకే మొదటి ఫైట్‌లో ఇద్దరు ముగ్గురు గోబ్లిన్లకంటే ఎక్కువ పెట్టకండి.

పాచికలు వేయని మొదటి మీటింగ్

దీన్ని సెషన్ జీరో అంటారు, ఎగ్గొట్టొద్దు. ఎలాంటి కథ కావాలి, ఏ విషయాలు టేబుల్ మీదకి అసలు రాకూడదు అన్నవి అడగండి. పాత్రలు కూడా అక్కడే కలిసి తయారుచేయించండి, ఈ నలుగురూ ఒకరికొకరు ఎందుకు తెలుసో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఇక్కడ ఇది తేలకపోతే "మా వాడు వీళ్లతో ఎందుకెళ్తాడు?" అనే ప్రశ్న ఆట మధ్యలో వస్తుంది.

చిక్కు తయారుచేయడం

మనకి గోల్కొండ ఉంది, దాన్నే వాడుకోండి. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోట, చివరికి లోపలి మనిషే తలుపు తెరిస్తే పడిపోయింది. ఆ ద్రోహానికి కొన్ని రోజుల ముందు ప్లేయర్లని కోటలో పెట్టండి. ఇక కల్పన మీది: అప్పుల్లో మునిగిన కాపలాదారు పోచయ్య, గింజలు దాచుకున్న వ్యాపారి, కొడుకుని బయటికి పంపించేయాలని తపించే రజియా. ప్రతి ఒక్కరికీ ఏం కావాలి, దేనికి భయపడతారు, ఏ రహస్యం తెలుసు అని మూడు ముక్కలు రాసుకోండి.

చోటుకి సంబంధించిన నిజాలు ఆటలో పని చేసేలా చూడండి. కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది కదా, అక్కడ ఎవరైనా నక్కి వెళ్లబోయి పాచిక తప్పితే పైనున్న సిపాయిలకి వెంటనే తెలిసిపోతుంది. ఈ సంగతి ప్లేయర్లకి ముందే చెప్పండి, వాళ్లే పైకి తప్పుడు సంకేతం పంపే ప్లాన్ వేస్తారు!

ద్రోహి ఎవరో తెలియడానికి కనీసం మూడు దారులు పెట్టండి, ఒకటి వాళ్ల కంట పడదు, ఇంకోటి అపార్థం చేసుకుంటారు. కథ ముందుకెళ్లడానికి తప్పనిసరైన సమాచారాన్ని మాత్రం ఒక్క పాచిక మీద ఎప్పుడూ ఆధారపడేలా చేయొద్దు.

ఆట రోజు

ఒక కాగితం మీద ఓ పది పేర్లు రాసుకోండి, ప్లేయర్లు దారిన పోయేవాణ్ణి కూడా "నీ పేరేంటి?" అని అడుగుతారు. ప్రతి చోటునీ రెండు వాక్యాల్లో చెప్పేసి, పాత్ర పేరుతో పిలిచి "ఇప్పుడేం చేస్తావ్?" అనండి. "కాపలావాడితో మాట కలిపి తాళాలు కొట్టేస్తా" అంటే వద్దనకండి. "సరే, ఏం మాట్లాడతావ్?" అని అడిగి అప్పుడు పాచిక వేయించండి. ఏదైనా రూల్ గుర్తు రాకపోతే అప్పటికప్పుడు న్యాయంగా అనిపించింది తేల్చేసి, పుస్తకం ఆట అయ్యాక తీయండి.

చివరి పది నిమిషాలు ఆపి, వచ్చేసారి ఎటు వెళ్దామనుకుంటున్నారో అడగండి. గింజల గోదాముకి అంటే గోదాము ఒక్కటే సిద్ధం చేసుకోండి. వాళ్ల జవాబూ తర్వాతి తేదీ ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.