టీవీలో బొమ్మ వచ్చి పోతుంటే ముందు డిష్ తిప్పకండి

డిష్‌లు బిగించడమే నా పని. గాలివానకో కోతులకో కదిలితే తప్ప డిష్ దిక్కు దానంతటది మారదు. కాబట్టి ముందు రిమోట్‌తో సిగ్నల్ పేజీ తెరిచి, క్వాలిటీ ఎప్పుడు పడిపోతోందో చూడండి.

జోరువానలోనే పోతే ఆగండి, డిష్‌కు సిగ్నల్ తెచ్చే కేయూ బ్యాండ్ తరంగాలతో అది మామూలే. గాలి వీచినప్పుడల్లా పోతుంటే స్టాండు బోల్టులు వదులై ఉండాలి, లేదా కొమ్మ అడ్డొస్తుండాలి. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున, అంటే మనకు ఆగ్నేయం. ఆ వైపు వేప, కొబ్బరి ఏపుగా పెరిగాయేమో చూడండి.

కొన్ని ఛానెళ్లే మాయమవుతుంటే నా అనుమానం కేబుల్ మీదే. బాక్సు ఎల్ఎన్‌బీకి, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే డబ్బాకు, ఛానెల్‌ను బట్టి 13, 18 వోల్టులు మార్చి మార్చి పంపుతుంది. తీగ పాడైతే 18 సరిగా అందదు, దానితో వచ్చే ఛానెళ్లే పోతాయి.

బాక్సు ప్లగ్గు తీసేసి, డాబా ఎక్కి, ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పండి. ఎక్కువ ఇళ్లలో జబ్బు ఇక్కడే! రాగి తీగ నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా, మంచి తీగ కనపడేదాకా కోసి కొత్త ఎఫ్ కనెక్టర్ వేయండి. పైన అల్లిక తీగలో ఒక్క పోగు కూడా మధ్య తీగకు తగలకూడదు. కనెక్టర్ కింద కేబుల్‌ను వంపు తిప్పి కట్టండి, వాననీరు అక్కడే కారిపోతుంది. ఉరుములప్పుడు మాత్రం డాబా ఎక్కొద్దు.