సీక్వెన్స్ నంబరు మళ్లీ సున్నాకు వస్తే

విశాఖ రుషికొండలోని మా ఆఫీసులో ఆడియో పరీక్ష మొదలుపెట్టిన దాదాపు 22 నిమిషాలకు శబ్దం ఆగిపోయేది. శబ్దం సెకనుకు 50 ప్యాకెట్లుగా, అంటే చిన్న ముక్కలుగా వెళ్తుంది; వరుస తెలిసేలా ఒక్కోదానికి 16 బిట్ల సీక్వెన్స్ నంబరు. 65535 తర్వాత మళ్లీ 0. మా ప్రోగ్రామ్ ఆ 0ను పాతదనుకుని పారేసేది. పాపం, రెండు రోజులు నెట్‌వర్క్‌నే తిట్టుకున్నాం.

నంబర్లను నేరుగా పోల్చకండి. కొత్తగా వచ్చినదాంట్లోంచి చివరిసారి చూసినదాన్ని తీసివేసి, ఫలితాన్ని 16 బిట్ల సైన్డ్ (మైనస్ విలువలూ పట్టే) సంఖ్యగా మార్చండి. సున్నా కంటే ఎక్కువైతే కొత్త ప్యాకెట్, తక్కువైతే పాతది. ఇలా మారిస్తే, 0 లోంచి 65535 తీసినప్పుడు 1 వస్తుంది. సీ భాషలో ఆ మార్పిడి మరిచిపోతే మాత్రం −65535 వస్తుంది.

తేడా 32768కి చేరితే ఈ లెక్క పనిచేయదు. సెకనుకు 50 చొప్పున అది దాదాపు 11 నిమిషాలు. అంతసేపు నెట్ పోయి వస్తే పాత నంబరును వదిలేసి, వచ్చినదాంతోనే మొదలుపెట్టండి.