దూది వత్తితో ఫ్లేమర్ మంట: బ్యాటిల్ సిస్టర్‌కు నేను రంగులు వేసే పద్ధతి

ఒక చిన్న ప్లాస్టిక్ సైనికురాలి బొమ్మ చేతిలో మంటలు కక్కే గొట్టానికి నేను వేసిన మొదటి మంటను వీడియో కాల్‌లో చూసి మా తమ్ముడు ఒక్కటే మాట అడిగాడు: “అక్కా, అది మంటా, క్యారెట్టా?”

వాడి తప్పేం లేదు. గొట్టం మూతి దగ్గర ఎరుపు, మధ్యలో నారింజ, కొసన పసుపు వేశాను. చిన్నప్పుడు డ్రాయింగ్ పుస్తకంలో దీపానికి వేసినట్టే వేసి ఉంటాను. పక్కన గ్యాస్ స్టవ్ ఉంది, దేవుడి గదిలో దీపం ఉంది, ఒక్కసారి తలెత్తి చూడలేదు. ఆ తర్వాత ఓ పదిసార్లు చెడగొట్టి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే కుంచె పట్టుకున్నవాళ్లకు పనికొస్తుంది.

ఈ బొమ్మలేమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1987లో వార్‌హామర్ 40,000 అనే, బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే ఆట తెచ్చింది. అందులో పదివేల ఏళ్లుగా బంగారు సింహాసనం మీద కదలకుండా ఉన్న ఒక చక్రవర్తి, ఆయన్నే దేవుడిగా కొలిచే ఒక మఠం ఉంటాయి. ఆ మఠం చేతిలో సాయుధ పురుషులు ఉండకూడదని చట్టం చేశారు. మఠం వాళ్లు తెలివైనవాళ్లు, చట్టంలో పురుషులన్నారే గానీ స్త్రీలనలేదు కదా అని సన్యాసినులతో సైన్యం కట్టారు. వాళ్లే సిస్టర్స్ ఆఫ్ బ్యాటిల్. ఒంటినిండా కవచం, మెడలో జపమాల, చేతిలో మంటలు కక్కే గొట్టం. బోల్టర్, ఫ్లేమర్ (ఆ మంటలు కక్కే గొట్టమే), మెల్టా అనే మూడు ఆయుధాలను వాళ్లు త్రిమూర్తుల్లా పూజిస్తారు. 1997లో వాళ్లకంటూ ప్రత్యేకంగా నియమాల పుస్తకం వచ్చింది. చాలా ఏళ్లు సీసంలా బరువుండే లోహపు బొమ్మలే దొరికేవి. 2019 చివర్లో ప్లాస్టిక్‌వి రావడం మొదలైంది. మా తమ్ముడు సెలవులకొస్తూ తెచ్చిన పెట్టెలో పది బొమ్మలున్నాయి. “నీకు ముగ్గులు బాగా వచ్చు కదా, చెయ్యి వణకదు” అని నాకంటగట్టాడు.

ముగ్గుకూ దీనికీ ఏం సంబంధం లేదు. అయినా సరే.

ముందు, బొమ్మ ముక్కలన్నీ అంటుకుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్ మొత్తాన్ని గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డేమైనా మిగిలి ఉంటే రంగు పట్టదు. తర్వాత నిప్పర్‌తో ముక్కలు కత్తిరించండి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట వెంట్రుకంత గీత ఉంటుంది, దాన్ని బ్లేడు వీపుతో గీకెయ్యాలి. విసుగు పని. తల వెనకా, తుపాకీ అడుగునా ఎవరు చూస్తార్లే అనిపిస్తుంది. ఇప్పుడు కనపడదు, రంగు వేశాక కనపడుతుంది. ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికిస్తే అది ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది కాబట్టి సూపర్ గ్లూ కన్నా గట్టిగా నిలుస్తుంది. తలను మాత్రం ఇప్పుడే అతికించొద్దు. మొహానికి విడిగా రంగు వేసుకుంటే పని సుఖం.

ఇప్పుడు మంట సంగతి. కొందరు గొట్టం మూతిని ఖాళీగా వదిలేసి, పక్కన వెలుగు మాత్రం వేస్తారు. నాకు ఎగిసిపడే మంటే కావాలి. దానికి మా అమ్మ నేర్పిన వత్తి చాలు.

పిన్ వైస్ అనే చేతి డ్రిల్‌తో గొట్టం మూతిలో ఒక మిల్లీమీటరు రంధ్రం చెయ్యండి. కరెంటు వైరు పైతొక్క వలిస్తే లోపల సన్నటి రాగి పోగులుంటాయి. రెండు మూడింటిని మెలేసి, రంధ్రంలో సూపర్ గ్లూతో నిలబెట్టండి. మంట ఎటు పోవాలో తీగను అటు వంచండి. తిన్నగా వంచితే ఈటెలా ఉంటుంది, కొంచెం కిందికి దిగి మళ్లీ పైకి లేచేలా వంచితే ప్రాణమొస్తుంది. ఇక దూది. వత్తి చేసేటప్పుడు దూదిని లాగి పలచన చేస్తాం చూడండి, అలాగే లాగి తీగకు చుట్టాలి. మూతి దగ్గర సన్నగా, బిగువుగా, పోనుపోను వదులుగా, లావుగా. గొట్టంలోంచి ఒత్తిడితో బయటికొచ్చేది మొదట సన్నగానే వస్తుంది, గాలి తగిలాకే విచ్చుకుంటుంది. ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి కుంచెతో తడపండి. తడి మీద ఉండగానే పళ్లపుల్లతో అక్కడక్కడా నాలుకలు లాగండి. నాలుకలన్నీ ఒకే పొడవుంటే దువ్వెనలా ఉంటుంది. రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నకి అప్పడంలా గట్టిపడుతుంది.

ప్రైమర్ దగ్గర, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూత దగ్గర, నేను బాగా దెబ్బతిన్నాను. మాది విశాఖ. ఆగస్టు సాయంత్రం మేడ మీదికెళ్లి, సముద్రం గాలి ముసురుకుంటుంటే స్ప్రే డబ్బా నొక్కాను. అయిదు బొమ్మల మీదా ఇసక చల్లినట్టయింది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే ఇలాగే బరక తేలుతుంది. కాసేపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది వదలగొట్టాను. (ఆ సీసాను పొయ్యి దగ్గర పెట్టకండి. మనం వేసేది రంగు మంట.) ఇప్పుడు తీరంలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వానాకాలం నాలుగు నెలలూ కుంచెతో పూసే ప్రైమర్ వాడండి, స్ప్రేని చలికాలం ఎండకు దాచుకోండి.

బొమ్మంతా నల్ల ప్రైమర్. ఆరాక తెలుపు. అయితే ఈ తెలుపు అందరూ చెప్పినట్టు నెత్తి మీదనుంచి కాదు, మంట ఉన్న వైపునుంచి పడాలి. మంట ఉన్న చోట మీ కన్ను పెట్టినట్టు ఊహించుకోండి. అక్కణ్ణుంచి కనపడేదంతా వెలుగు, కనపడనిదంతా చీకటి. సందేహమొస్తే లైట్లార్పి, ఫోన్ టార్చ్‌ను మంట దగ్గర పెట్టి ఫోటో తీసుకోండి. అదే మీ పటం. ఆ ఫోటోలో తెల్లగా ఉన్న చోట్లకే పల్చటి తెలుపు. చెయ్యి తగ్గించి వెయ్యండి, ఎందుకంటే దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. మోచెయ్యి మెరిసినంత మోకాలు మెరవదు. వీపు మీద అసలేం పడదు. భోగి మంట చుట్టూ నిలబడ్డవాళ్ల వీపులు ఎప్పుడైనా చూశారా? మొహాలు రాగి చెంబుల్లా ఉంటాయి, వీపులు చీకట్లో కలిసిపోతాయి. చలి కూడా అటే.

రంగులు కలుపుకోడానికి ఖరీదైన తడి పాలెట్ కొనక్కర్లేదు. పాత టిఫిన్ డబ్బా అడుగున తడి టిష్యూ పేపర్, దాని మీద బేకింగ్ పేపర్ వేస్తే రంగు గంటలకొద్దీ ఎండదు. మూత పెట్టి మర్నాడు కూడా వాడుకోవచ్చు. పగలు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రాత్రి అరగంట చొప్పున పనిచేసే నాలాంటివాళ్లకు ఇది వరం. రంగు నీళ్లపాలంత పల్చగా ఉండాలి. ఒక దళసరి పూత కన్నా రెండు పల్చటివి నయం. కుంచె ఒకటో నంబరు చాలు, మొన మాత్రం సూదిలా ఉండాలి. సన్నపని అనగానే మూడు సున్నాల కుంచె కొంటారు, దాని మీద రంగు బొమ్మ దగ్గరికి చేరేలోపే ఎండిపోతుంది.

ఇక క్యారెట్ కాకుండా మంట. దూది మొత్తానికి తెలుపు పుయ్యండి. దాని మీద పల్చటి పసుపు, లోపలి మడతల్లోకి దిగేలా. తర్వాత నారింజ, ఇది బయటికి పొంగిన చోట్లకే, మడతల్లోకి పోకూడదు. కొసల్లో ఎరుపు. చిట్టచివర, నాలుకల మొనల మీద, దాదాపు ఆరిన కుంచెతో నలుపు. గొట్టం మూతి దగ్గర మళ్లీ తెలుపు. అంటే లోపల, మొదట్లో తెల్లగా, బయటికీ చివరికీ పోయేకొద్దీ నల్లగా. మంటలో పసుపు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, సగం కాలిన మసి రేణువులు వేడికి మెరవడం వల్ల. అవి పైకి పోయి చల్లారితే మెరుపు పోతుంది, మసే మిగులుతుంది. దీపం మీద పళ్లెం పట్టి కాటుక తీసిన ఇళ్లలో పుట్టినవాళ్లం, ఈ సంగతి ఇంగ్లండ్ వాళ్లు వీడియోలో చెప్తే గానీ నాకు వెలగలేదు.

కవచం నేను నల్లదే వేస్తాను. సిస్టర్స్‌లో మార్టిర్డ్ లేడీ అనే ఒక శాఖ రంగులవి, నల్ల కవచం, ఎర్ర బట్ట. వెలుగు పడే చోట నలుపు అసలు వెయ్యకండి. పల్చటి నారింజ నలుపు మీద కనపడదు, పైగా బురదలా తయారవుతుంది. తెల్ల ప్రైమర్ మీదే నేరుగా నారింజ పూసి, చీకటి వైపునుంచి నలుపును కొంచెం కొంచెంగా దగ్గరికి తీసుకురండి. రెండూ కలిసే చోట ముదురు ఎర్ర గోధుమ. మంటకు ఎదురుగా ఉన్న కవచం అంచుల మీద మాత్రం సన్నటి పసుపు గీత. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ముచ్చటేసి వెలుగు మరీ ఎక్కువ వేసెయ్యడం. కవచం మీద వెలుగు మంట కన్నా ప్రకాశంగా ఉంటే మంట చచ్చిపోతుంది. నా మూడో బొమ్మలో మంట బాగానే వచ్చింది, కానీ సిస్టర్ నారింజపండులా మెరిసింది. చుట్టూ చీకటి వేశాకే అది మంటలా కనిపించింది.

గొట్టం మూతి నాకిష్టమైన పని. బైక్ సైలెన్సర్ ఇంజన్ దగ్గర వేడికి రంగు మారుతుంది చూడండి, అదే. ఉక్కు వేడెక్కేకొద్దీ మొదట గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, దాదాపు 300 డిగ్రీల దగ్గర నీలం తేలుతుంది. కాబట్టి వెండి రంగు మీద, చేతి వైపునుంచి మూతి వైపుకు ఇదే వరుసలో పల్చటి ఇంకులు వెయ్యండి: గోధుమ, ఊదా, నీలం, చివర మసి నలుపు. చాలామంది నీలాన్ని దూరంగా వేస్తారు. తిరగేసిన సైలెన్సర్‌లా ఉంటుంది.

మొహం. భక్తావేశం అనగానే కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిపించాలని నేనూ అనుకున్నాను. అప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో వీరభద్రుడి గుండం గుర్తొచ్చింది. చుట్టూ “శరభ శరభ” కేకలు, డప్పులు. కేకలన్నీ గట్టున ఉన్నవాళ్లవి. నిప్పుల మీద నడిచేవాళ్ల మొహంలో ఏమీ ఉండదు, ఇంట్లో మరిచిపోయిన పని గుర్తు చేసుకుంటున్నట్టు ఎటో చూస్తుంటారు. అందుకే పెట్టెలో అరిచే తలలున్నా నేను నోరు మూసిన తలే తీసుకుంటాను. కళ్లకు తెల్ల చుక్క పెట్టను. కనుబొమల కింద ముదురు గోధుమ నీడ, దానిలో లేత బూడిద రంగు గీత, మధ్యన నల్ల చుక్క, అంతే. మంట వైపు చెంప మీద పలచటి నారింజ, రెండో చెంప మీద కొద్దిగా నీలం. తెల్ల జుట్టుకు కూడా మంట వైపు పసుపు తగిలించండి. ఇదంతా అయ్యాకే తల అతికించండి.

బట్టలకూ, కవచానికి అంటించి ఉండే మైనపు ముద్రలకూ పెద్ద కథ లేదు. ఎరుపు, దాని మీద పల్చటి గోధుమ, ఎత్తుల మీద మళ్లీ ఎరుపు. ముద్రలకు వేలాడే కాగితాల మీద అక్షరాలు రాయబోకండి, వంకర గీతలు చాలు.

కాళ్ల కింద గుండ్రటి పీట మీద కాలిపోయిన ఊరు వేస్తే బాగుంటుంది. చిన్న రాళ్లు, విరిగిన కార్క్ ముక్కలు అతికించి నిప్పుకణికలు చెయ్యొచ్చు. ఇక్కడ జాగ్రత్త, కణిక మంటకు తలకిందులు. ఎరుపు, నారింజ పగుళ్లలో ఉంటాయి, పైన బూడిద. ముందు మొత్తం నారింజ పూసి, ఆరాక నలుపును పొడి కుంచెతో పైపైన రుద్ది, దాని మీద లేత బూడిద రంగు ఇంకా తేలిగ్గా రుద్దండి. నివురు దానంతటదే గప్పుతుంది.

చివర్లో మ్యాట్ వార్నిష్, అదీ కుంచెతోనే, ఒక్క పల్చటి పూత. మంటకూ గొట్టం మూతికీ వద్దు, ఆ మెరుపే మనకు కావాలి.

మొన్న ఆదివారం నాలుగో సిస్టర్ పూర్తయింది. లైట్లార్పి, కిటికీ గట్టు మీద పెట్టి, ఫోటో తీసి తమ్ముడికి పంపాను. చాలాసేపు ‘టైపింగ్’ అని కనపడింది. “అక్కా, ఇది మంటే” అని రాశాడు. వెంటనే ఇంకోటి: “తల వెనక అచ్చు గీత ఉండిపోయింది చూశావా?”

ఉంది.