నడవలేని పెద్దవాళ్లతో మెదక్ చర్చికి పోతున్నారా, ఇవి చూసుకోండి

మెదక్ చర్చి పని 1914లో మొదలైంది, 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించారు. వీల్‌చైర్ గురించి ఆలోచించే రోజులు కావవి, కాబట్టి మెట్లు ఉంటాయి, ఆ లెక్కతోనే బయల్దేరండి.

ముందుగా, ఏ రోజు పోవాలనే సంగతి. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఆదివారాలు వద్దే వద్దు, ఆ జనంలో కర్ర పట్టుకున్న మనిషికి నిలబడే జాగా కూడా దొరకదు. మామూలు రోజు పొద్దున్నే పోండి.

వరంగల్ నుంచి సిద్దిపేట మీదుగా పోవచ్చు. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, నిజమే, కానీ ఆ ఫుట్‌బోర్డు ఎక్కడమే మోకాళ్ల నొప్పులున్న అవ్వకు పెద్ద పరీక్ష. నలుగురు కలిస్తే కారు మాట్లాడుకోవడం మేలు. మడిచిన వీల్‌చైర్ డిక్కీలో పడుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి, గ్యాస్ సిలిండర్ ఉన్న కారైతే మరీ. దారిలో వెస్టర్న్ టాయిలెట్ ఉన్న హోటల్ చూసి ఆపండి. పెద్దవాళ్లు నోరు తెరిచి అడగరు, నీళ్లు తాగకుండా కూర్చుంటారు.

మెట్ల దగ్గరే అసలు పని. ఎక్కేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, కొంచెం వెనక్కి వాల్చి, పెద్ద చక్రాలను ఒక్కో మెట్టు మీదికి లాగాలి. బలమైన మనిషి కుర్చీ వెనక, పై మెట్టు మీద ఉండాలి, ఇంకొకరు కింది నుంచి ఫ్రేమ్ పట్టుకోవాలి. కాళ్లు పెట్టుకునే పలకల్నీ, ఊడొచ్చే చేతుల్నీ పట్టుకోవద్దు, చేతిలోకి ఊడొస్తే మనిషి కింద పడతారు. దిగేటప్పుడు ముఖం కిందికే, కుర్చీ మాత్రం వెనక్కి వాల్చే ఉంచాలి, వెనక మనిషి పట్టు వదలొద్దు.

లోపల నేల నున్నగా ఉంటుంది, సాక్సులతో నడిపించకండి, కర్ర కింద రబ్బరు బిళ్ల అరిగిపోయి ఉంటే ముందే మార్చండి. తర్వాత ఒకచోట కూర్చోబెట్టేయండి చాలు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే రంగుటద్దాల కిటికీలు ఎత్తులో, పెద్దగా ఉంటాయి, కూర్చున్న చోటి నుంచే కనిపిస్తాయి. బయటి వెలుతురుతోనే ఆ రంగులన్నీ, చీకటి పడ్డాక పోతే ఏమీ ఉండదు. చూపు ఆనని వాళ్లకు పక్కన కూర్చుని బొమ్మల్లో ఏముందో చెప్పండి, కరువు కాలంలో జనానికి పని చూపించి బ్రిటిష్ మిషనరీ పోస్నెట్ దొర ఈ గుడి కట్టించిన కథ కూడా చెప్పండి, మా అవ్వలకు కిటికీల కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది.

ఎండాకాలమైతే తిరిగొచ్చే సరికి బయట బండలు కాలుతుంటాయి, చెప్పులు మెట్ల దగ్గరికే ఎవరినైనా తెచ్చిపెట్టమనండి.