స్నానం అంటే పారిపోయే కుక్కకు నీళ్లు పోయడం ఎలా?

బకెట్ చప్పుడు వినగానే మంచం కిందికి దూరే కుక్క మా ఇంట్లోనూ ఉంది. పేరు బుజ్జి, అచ్చమైన ఊరకుక్క. మొదట్లో ఇద్దరు గట్టిగా పట్టుకుంటే ఒకరు గబగబా నీళ్లు పోసేవాళ్లం. పని అయ్యేది, కానీ ప్రతిసారీ దాని భయం ఇంకాస్త పెరిగేది. విచిత్రం ఏంటంటే, అదే బుజ్జి వానలో హాయిగా తిరుగుతుంది. అంటే దాని టెన్షన్ నీళ్ల గురించి కాదు. కాళ్లు జారే టైల్స్, ఇరుకు గది, కుళాయి హోరు, పైగా మనం కదలనివ్వకుండా పట్టుకోవడం, వీటికే అది బెదిరిపోతోంది.

ఇదివరకు బాగానే చేయించుకున్న కుక్క ఉన్నట్టుండి మొరాయిస్తుంటే మాత్రం ముందు పశువుల డాక్టరుకు చూపించండి. చెవిలో చీము, చర్మం మీద పుండ్లు, ముసలి కుక్కలకు కీళ్ల నొప్పులు ఉంటే చెయ్యి తగిలినా బాధే.

మొదటి వారం స్నానం మాటే ఎత్తకండి

అందరూ వదిలేసేది ఈ మెట్టే, అసలు పనంతా ఇక్కడే ఉంది. బాత్‌రూమ్ నేల మీద గోనె సంచి గానీ రబ్బరు మ్యాట్ గానీ పరవండి. కాలు జారదని తెలిస్తే కుక్కకు సగం భయం పోతుంది. తలుపు తీసే ఉంచి, లోపల నాలుగు ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలకూడదు. ఉల్లి కుక్కలకు విషం. తిని బయటికి వెళ్తానంటే వెళ్లనివ్వండి.

రెండు మూడు రోజులకు తనే లోపలికి వస్తుంది. అప్పుడు ఖాళీ మగ్గుతో వీపు తాకి ఒక ముక్క పెట్టండి. ఆ తర్వాత తడిగుడ్డతో తుడిచి ఇంకో ముక్క. చివరికి పాదాల మీద కాసిని నీళ్లు. మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తోక కాళ్ల మధ్య దాచుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూడటం, ఇవన్నీ ‘ఇక చాలు’ అని చెప్పడమే. అక్కడితో ఆపి, మర్నాడు ఒక మెట్టు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. కొన్నిటికి వారం చాలదు, నెల పడుతుంది.

ఇంకో మాట. ‘రా బుజ్జీ’ అని ముద్దుగా పిలిచి స్నానానికి లాక్కెళ్లకండి. రేపు రోడ్డు మీద పిలిచినా రాదు. మీరే దాని దగ్గరికి వెళ్లి తీసుకురండి.

నీళ్లు పోసే రోజు

ఎండ ఉన్న మధ్యాహ్నం మంచిది. ముందు ఒళ్లంతా దువ్వండి. చిక్కుపడ్డ బొచ్చు తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. బకెట్ నింపుకున్నాకే కుక్కను లోపలికి తీసుకురండి, ధారగా పడే నీళ్ల చప్పుడు దాని చెవులకు మనకన్నా ఎక్కువ. నీళ్లు గోరువెచ్చగా చాలు.

మగ్గును ఒంటికి ఆనించి పాదాల నుంచి పైకి, మెల్లగా పోయండి. ఎత్తు నుంచి కుమ్మరించొద్దు. తల మీద అసలు పోయొద్దు, మొహాన్ని చివర్లో తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చెవుల్లోకి నీళ్లు పోనివ్వకండి. పక్కన ఇంకొకరు ఉంటే ఆగకుండా తినిపిస్తూ ఉండమనండి.

మన షాంపూ వాడకండి, కుక్క చర్మానికి అది పడదు. కుంకుడు రసం మంచిదే కదా అంటారు పెద్దవాళ్లు. కంట్లో పడితే ఎలా మండుతుందో చిన్నప్పుడు మనకూ అనుభవమే, దానికెందుకు ఆ బాధ! కుక్కల షాంపూనే కొద్దిగా నీళ్లలో కలిపి రుద్దండి. పిడుదుల షాంపూ అయితే సీసా మీద రాసినంతసేపు ఉంచాలి. జారుడు పూర్తిగా పోయేదాకా కడగండి, మిగిలిపోతే దురద పెడుతుంది.

గుర్రుమంటే తిట్టకండి, ఆపేయండి. అది కరిచే ముందు ఇచ్చే హెచ్చరిక. తిట్లతో దాన్ని మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. పన్ను దిగితే మాత్రం పెంపుడు కుక్కేలే అనుకోకుండా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

తర్వాత పాత తువ్వాలుతో అద్దుతూ తుడవండి. హెయిర్ డ్రయ్యర్ హోరు వద్దు, ఎండ చాలు. మామూలు ఇంటి కుక్కకు నెలకోసారి స్నానం సరిపోతుంది, వారం వారం చేయిస్తే చర్మంలోని నూనె పోయి పొడిబారుతుంది. ఒళ్లు పూర్తిగా ఆరేదాకా గేటు మాత్రం తీయకండి. బుజ్జి మొదటిసారి బుద్ధిగా స్నానం చేయించుకున్న రోజున, తువ్వాలు ఆరేసి వచ్చేలోపే వెళ్లి ఎదురింటి ఇసుక కుప్పలో పొర్లింది.