తిరుపతిలో యాత్రికుల మాట, ఊరివాళ్ల మాట: సర్వేకు దిగేవాళ్ల కోసం

యాత్రికుణ్ణి ఆపి "ఇక్కడి జనం ఎలా ఉన్నారు?" అంటే "అంతా స్వామి దయ" అంటాడు. గాంధీ రోడ్డులో అంగడాయన్ను యాత్రికుల గురించి అడిగితే "వాళ్ల వల్లే కదా మా బతుకు" అంటాడు. ఫారం నిండుతుంది, విషయం తెలియదు. అందుకే అభిప్రాయం కాదు, జరిగింది అడగండి.

మొదటిసారికి 40 మంది యాత్రికులు, 40 మంది ఊరివాళ్లు చాలు. ఊరివాళ్లలో సగం ఆటో, లాడ్జి, పూలు, టిఫిన్ అంగళ్లవాళ్లు. మిగతా సగం యాత్రికులతో పైసా లావాదేవీ లేనివాళ్లు. ఈ రెండు లెక్కలూ కలిపేస్తే ఒకరి మొహమాటం, ఇంకొకరి విసుగు కలిసి "పర్వాలేదు"గా తేలుతుంది.

దర్శనానికి ముందు యాత్రికుల్ని కదపకండి. టోకెన్, రూము, లగేజీ ధ్యాసలో ఉంటారు. కొండ దిగి, గుండు మీద చందనం ఆరిపోయి, లడ్డు కవరు ఒళ్లో పెట్టుకుని స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు అడగండి.

ఒకే బేరాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకోవాలి. యాత్రికుడితో: "స్టేషన్ నుంచి అలిపిరికి ఆటో ఎంతకు మాట్లాడారు? దిగేటప్పుడు ఎంతిచ్చారు?" ఆటో ఆయనతో: "నిన్న చివరి బేరం ఎంత దగ్గర మొదలైంది, ఎంతకు తెగింది?" ఒకరు మోసం అన్నదీ, ఇంకొకరు పీనాసితనం అన్నదీ అదే ఇరవై రూపాయలు కావచ్చు.

ఎక్కువగా చెడేది ఒకచోట. చేతిలో అట్ట, పెన్ను చూసి మిమ్మల్ని టీటీడీ మనిషి అనుకుంటారు. రూము దొరకలేదని, క్యూ కదల్లేదని మొదలెడతారు. అది ఊరి మీద ఫిర్యాదు కాదు, వేరే గడిలో రాసుకోండి. ఆ తర్వాత "కొండ కింద చివరగా ఎవరితో మాట్లాడారు?" అనండి. ఆటో డ్రైవరు తప్ప ఎవరూ తగలని వాళ్లుంటారు. వాళ్లకు తిరుపతి అంటే ఆయనే.

తమిళం, కన్నడం, హిందీ వచ్చినవాళ్లు వెంట ఉండాలి. తెలుగువాళ్లనే అడిగితే, దారి అడగడానికి తడుముకోనివాళ్లే లెక్కకొస్తారు.

రెండు కాలాల్లో చేయండి: తమిళులకు పవిత్రమైన పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాల్లో, రద్దీ ఉన్నప్పుడు ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి. పర్యాటకుల మీద ఊరి మనసు సంబరం నుంచి ఉదాసీనతకు, చిరాకుకు, చివరికి వైరానికి మారుతుందని 1975లో డాక్సీ అనే పర్యాటక పరిశోధకుడు నాలుగు మెట్లు గీశాడు. మన దగ్గర అవి అంత వరసగా కుదరవు. పెరటాసిలో రోడ్డు దాటలేక తిట్టుకున్న మనిషే గంగమ్మ జాతరలో తన వేషాన్ని బయటివాళ్లు ఫోటో తీస్తే మురిసిపోగలడు.

జవాబుల్ని శుద్ధి చేయకండి. "కొండకొచ్చినోళ్లు" అంటే అదే రాయండి, "పర్యాటకులు" అని దిద్దకండి.